మబ్బు లేచింది... మేడమీద ఏం ఆరబోశారు?

మే నెల చివరి వారం. మధ్యాహ్నం మూడున్నర. భోజనాలయ్యాయి, గిన్నెలు కడగడం అయింది, కాసేపు నడుం వాల్చారు. మేడమీద పాత చీర పరచి పెట్టిన సగ్గుబియ్యం వడియాలు, పళ్ళెంలో మాగాయ ముక్కలు, ఓ పక్క చల్లమిరపకాయలు. ఉన్నట్టుండి గదిలో వెలుతురు తగ్గింది. కిటికీ రెక్క ధడాలున కొట్టుకుంది. వీధిలో దుమ్ము సుడి తిరిగి లేచింది. అప్పుడు మీ కాళ్ళు ఎటు పరుగెడతాయి?

ఎటేమిటి, మెట్లెక్కి మేడమీదకే! అశోక్ నగర్‌లో అయినా, చిక్కడపల్లి సందుల్లో అయినా, నారాయణగూడలో అయినా ఆ నిమిషంలో చూడండి, ప్రతి డాబా మీదా ఒక ఆడమనిషి కనబడుతుంది. దండెం మీది బట్టలు లాగుతూ, చీర నాలుగు కొసలూ మడుస్తూ, పళ్ళెం చంకన పెట్టుకుని, కింద ఉన్న పిల్లల్ని కేకేస్తూ... గాలివాన మొత్తంలో అతి ప్రమాదమైన సమయాల్లో ఆ పది నిమిషాలూ ఒకటి. పిడుగు పడటానికి వాన మొదలవ్వాలని లేదు. చినుకు రాలకముందే పడొచ్చు, మబ్బుకి పది కిలోమీటర్ల అవతల కూడా పడొచ్చు. మన దేశంలో ఇటీవలి సంవత్సరాల్లో పిడుగుపాటుకి ఏటా రెండున్నర వేల మందికి పైగా చనిపోతున్నారని ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. అందులో ఎక్కువమంది పొలాల్లో ఉన్నవాళ్ళు. పొలంలో మనిషికీ, డాబా మీద మనిషికీ పిడుగు దృష్టిలో తేడా ఏముంది చెప్పండి? చుట్టుపక్కల ఎత్తుగా నిలబడింది తనొక్కతే కదా!

కాబట్టి ఈ వారం వడియాల కొలతల గురించి కాదు, వాటిని ఎప్పుడు మేడెక్కించాలి, ఎప్పుడు దించాలి అన్నదాని గురించి మాట్లాడుకుందాం. దానికి ముందు ఆకాశం సంగతి కాస్త తెలియాలి.

ఎండ కాదు, ఉక్క చూడండి

రోహిణి కార్తె అంటే రోళ్ళు పగిలే ఎండలని పెద్దలు ఊరికే అనలేదు. మే 25 ప్రాంతంలో మొదలై మృగశిర వచ్చేదాకా సుమారు రెండు వారాలు. హైదరాబాద్‌లో 1966 జూన్ 2న 45.5 డిగ్రీలు నమోదైంది. అదీ రోహిణిలోనే. అయితే గమనించారా, ఎండ బాగా మండిపోయిన రోజున సాధారణంగా గాలివాన రాదు. ఒళ్ళు చిటపటలాడే పొడి ఎండ, నలభై రెండు డిగ్రీలు... ఆ రోజు వడియాలు సాయంత్రానికి గలగలమంటాయి. భయం లేదు. దానికి మర్నాడో మూడోనాడో ఎండ రెండు డిగ్రీలు తగ్గుతుంది గానీ ఉక్క మొదలవుతుంది. ఫ్యాను కింద కూర్చున్నా జాకెట్టు తడిసిపోతుంది. అదీ మనం భయపడాల్సిన రోజు.

వేసవి చివరికొచ్చేసరికి నైరుతి గాలులు కేరళ దగ్గర కాచుకుని ఉంటాయి. మామూలుగా అక్కడికి జూన్ 1న, మన దగ్గరికి జూన్ రెండో వారానికి అటూ ఇటూగా రావాలి. 2025లో కేరళకి మే 24నే వచ్చేశాయి. అవి రాకముందే బంగాళాఖాతం నుంచీ, అరేబియా సముద్రం నుంచీ తేమ మన పీఠభూమి మీదకి మెల్లగా పాకుతుంది. రేడియోలోనూ టీవీలోనూ “విదర్భ నుంచి తమిళనాడు దాకా ద్రోణి కొనసాగుతోంది” అంటారు చూడండి, ఆ ద్రోణి అంటే ఈ తేమగాలీ, ఆ పొడిగాలీ ఎదురుపడే గీత లాంటిదనుకోండి. ఆ గీత మన మీదుగా పోతున్న రోజుల్లో సాయంత్రాలు నమ్మడానికి లేదు.

తేమ వచ్చిందని తెలుసుకోవడానికి యంత్రాలేం అక్కర్లేదు. మీ ఇంట్లో ఉన్నవి చాలు. ఉప్పు డబ్బాలో ఉప్పు చెమ్మగిల్లుతుంది. పొద్దున వేయించిన అప్పడం మధ్యాహ్నానికి మెత్తబడుతుంది. అన్నిటికన్నా ముందు చెప్పేది ఎయిర్ కూలరు. గాలి పొడిగా ఉంటేనే కూలరులో నీళ్ళు ఆవిరై గాలి చల్లబడుతుంది. గాలిలో ముందే తేమ ఉంటే అది ఎంత తిరిగినా చల్లదనం ఉండదు, జిడ్డు మిగులుతుంది. “నిన్నటిదాకా బాగానే ఉంది, ఇవాళ ఏమైందో” అని మెకానిక్‌కి కబురు పెట్టేముందు ఒకసారి పడమటి వైపు చూడండి.

పాలు పొంగినట్టు

పాలు ఎలా పొంగుతాయో మనకి ఒకరు చెప్పాలా? చాలాసేపు ఏమీ కానట్టే ఉంటాయి. పైన మీగడ పొర కట్టి ఉంటుంది. అటు తిరిగి ఇటు తిరిగేలోగా గిన్నె దాటేస్తాయి. వేసవి మబ్బూ అంతే. పొద్దుటి నుంచి నేల కాగుతూ ఉంటుంది. కాస్త పైన ఒక వేడి పొడిగాలి పొర మూతలా అడ్డం ఉంటుంది. మధ్యాహ్నం రెండు మూడు గంటలకి నేల వేడి ఆ మూతని తోసేసిందా, ఇక ఆగదు. తేమగాలి నిలువుగా పైకి లేస్తుంది. లేచిన కొద్దీ తేమ నీటి బిందువులవుతుంది, అలా అవుతూ తనలో దాచుకున్న వేడిని బయటపెడుతుంది, ఆ వేడికి గాలి ఇంకా పైకి పోతుంది. ఇడ్లీ పాత్ర ఆవిరి చేతికి తగిలితే కాగిన నీళ్ళకన్నా ఎక్కువ కాలుతుందే, ఆ వేడే అది!

అలా అది పన్నెండు, పదిహేను కిలోమీటర్ల ఎత్తుకి పోతుంది. ఎవరెస్టు శిఖరం ఎత్తు తొమ్మిది కిలోమీటర్ల లోపే. ఇక్కడ నేలమీద నలభై డిగ్రీలు కాస్తున్నా, పైన అయిదు కిలోమీటర్లు దాటాక అంతా మంచే. ఆ మంచు పలుకులు ఒకదానికొకటి రాసుకుని విద్యుత్తు పుడుతుంది. పైకీ కిందకీ ఊగి ఊగి లావెక్కినవే వడగళ్ళు. దీన్ని వాతావరణం వాళ్ళు క్యుములోనింబస్ మేఘం అంటారు. పేరుతో మనకేం పని గానీ, రూపం గుర్తుపెట్టుకోండి. మొదట కాలీఫ్లవర్ పువ్వులా బుడిపెలు బుడిపెలుగా, అంచులు తెల్లగా తళతళలాడుతూ లేస్తుంది. పూర్తిగా ఎదిగాక తల చదునుగా పక్కకి పరుచుకుని కమ్మరి దాగలిలా కనబడుతుంది. అడుగున మాత్రం నీలిసిరా ఒలికినట్టు నల్లగా ఉంటుంది.

మరి వానకన్నా ముందు ఆ చల్లటి ఈదురుగాలి ఎక్కడిది? వెనకటి రోజుల్లో వసారాలో వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు, గుర్తుందా? మబ్బులోంచి రాలే చినుకులు దారిలో ఉన్న పొడిగాలిలో ఆవిరై దాన్ని అలాగే చల్లబరుస్తాయి. చల్లబడిన గాలి బరువెక్కి దభీమని నేలమీద పడి నాలుగు పక్కలకీ పరుచుకుంటుంది. అంటే మీ మొహానికి చల్లగాలి తగిలి “అబ్బ, హాయి!” అనిపించిన క్షణానికే వాన పక్కపేటలో పడుతోందన్నమాట. బెంగాలీలు వీటిని కాల్ బైశాఖి అంటారు. కర్ణాటక, కేరళల్లో వేసవి వానలకి మామిడి జల్లులని ముద్దుపేరు. మనకి “గాలివాన” అన్న ఒక్క మాట చాలు. గాలి ముందు, వాన తర్వాత.

“ఒకటి రెండు చోట్ల” అంటే?

“టీవీలో వాన అన్నారు, మా వీధిలో చినుకు లేదు” అని నవ్వుకుంటూ ఉంటాం. పాపం వాళ్ళ మాటని మనం సరిగా వినం. “ఒకటి రెండు చోట్ల” అన్నారంటే ఆ ప్రాంతంలోని వాన లెక్కల కేంద్రాల్లో నాలుగోవంతుకి మించి పడదని అర్థం. “కొన్ని చోట్ల” అంటే సగం దాకా. వేసవి మబ్బు అడ్డంగా కొలిస్తే పది, పదిహేను కిలోమీటర్లు కూడా ఉండకపోవచ్చు. చిక్కడపల్లి చిత్తడిగా తడిసి, ఉప్పల్‌లో దుమ్ము లేస్తోందంటే ఆశ్చర్యమేం లేదు.

హెచ్చరికలకి రంగులున్నాయి. ఆకుపచ్చ అయితే నిశ్చింత. పసుపు అయితే గమనిస్తూ ఉండమని. నారింజ అంటే సిద్ధం కమ్మని. ఎరుపు అయితే చేతిలో పని వదిలి జాగ్రత్తపడమని. నా సలహా ఏమిటంటే, రోహిణిలో పసుపు కనబడినా చాలు, ఆ రోజు మేడమీద పని మధ్యాహ్నం రెండింటికి ముగించండి. పొద్దున ఏడింటికే ఆరబోస్తే ఏడు గంటల ఎండ తగులుతుంది. రెండు తర్వాత వచ్చే ఎండ కోసం ఆశపడితేనే చిక్కు. వాతావరణ కేంద్రం వాళ్ళు రాడార్ చూసి రాబోయే మూడు గంటలకి విడిగా హెచ్చరిక ఇస్తారు. మీ అబ్బాయి చేతిలో సెల్‌ఫోన్ ఎలాగూ ఉంటుంది. పుణెలోని ఉష్ణమండల వాతావరణ పరిశోధన సంస్థ వాళ్ళు తయారుచేసిన “దామిని” యాప్ అందులో వేయించుకోండి, చుట్టుపక్కల పిడుగులు పడుతుంటే చూపిస్తుంది.

చప్పుడు వినబడితే దిగిపోండి

మెరుపు ముందు కనబడుతుంది, ఉరుము తర్వాత వినబడుతుంది. మధ్యలో అంకెలు లెక్కపెట్టండి. మూడు సెకన్లకి ఒక కిలోమీటరు. పది లెక్కపెట్టారంటే పిడుగు మూడు కిలోమీటర్ల అవతల పడింది, అంటే చిక్కడపల్లి నుంచి సికింద్రాబాద్ స్టేషన్ అంత దూరం. ఏమంత దగ్గర కాదుగా అనుకుంటున్నారేమో, ఆ మబ్బు అయిదారు నిమిషాల్లో మీ నెత్తిమీద ఉంటుంది! ముప్ఫై లోపు వినబడితేనే ప్రమాదం పరిధిలో ఉన్నట్టు. అసలు లెక్కా గిక్కా అక్కర్లేదు, ఉరుము వినబడిందా, దిగిపోండి. చివరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా మళ్ళీ ఎక్కకండి. వాన వెలిసింది కదా అని వెంటనే మేడెక్కి నీళ్ళు తుడవడం మనకో అలవాటు. వెనక్కి పోతున్న మబ్బు నుంచీ పిడుగు పడుతుంది.

ఉరిమితే అర్జునుడి పేర్లు చదవమని బామ్మలు పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకునేవారు. దాంతో పిడుగు తప్పుకుంటుందో లేదో గానీ, పిల్లలు మాత్రం వాకిట్లోకి పోకుండా ఇంట్లో ఉండేవారు. అది తక్కువ మేలా?

ఇంట్లో ఉన్నా రెండు మూడు జాగ్రత్తలు. టీవీ, ఫ్రిజ్, కంప్యూటరు ప్లగ్గులు మబ్బు లేచినప్పుడే తీసెయ్యండి, నెత్తిమీద ఉరుముతుండగా వాటి జోలికి పోవద్దు. ఇనప కుళాయి గొట్టాల గుండా కరెంటు రావచ్చు గనక ఆ అరగంటా స్నానం, అంట్లు, బట్టలు ఆపండి. తీగ ఉన్న ఫోను వద్దు. ఛార్జరుకి తగిలించని సెల్‌ఫోన్‌లో మాట్లాడితే పిడుగు లాక్కొస్తుందన్నది మాత్రం వట్టి పుకారు. కారులో ఉంటే అద్దాలెత్తి అందులోనే ఉండండి. టైర్ల వల్ల కాదు, చుట్టూ ఉన్న ఇనప తొడుగు వల్ల మీకు రక్ష.

ఒకవేళ ఎవరికైనా పిడుగు తగిలితే, ముట్టుకుంటే మనకీ షాకు కొడుతుందని దూరంగా నిలబడతారు. అది తప్పు. ఆ మనిషి ఒంట్లో కరెంటు నిలవ ఉండదు. ఊపిరి, గుండె ఆగితే వెంటనే ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, నిమిషానికి వంద నూట ఇరవై సార్లు నొక్కుతూ 108కి ఫోన్ చేయించండి. పిడుగు తగిలినవాళ్ళలో చాలామంది బతుకుతారు, ఆ మొదటి నిమిషాల్లో ఎవరైనా చెయ్యి వేస్తే.

గాలి చేసే పనులు

పిడుగు ఎక్కడో పడుతుంది గానీ, గాలి అందరి ఇంటికీ వస్తుంది. 2024 మే 7న హైదరాబాద్ గాలివానలో బాచుపల్లిలో గోడ కూలి ఏడుగురు పోయారు. అదే నెల 26న, రోహిణి మొదలైన మర్నాడే, నాగర్‌కర్నూల్ జిల్లాలోనూ నగరం చుట్టుపక్కలా షెడ్లు, గోడలు, చెట్లు కూలి పదిమందికి పైగా చనిపోయారు. 2025 ఏప్రిల్ 3 నాటి వానకి చార్మినార్ మీది గచ్చు పెచ్చే ఊడిపడింది. నాలుగు శతాబ్దాలు దాటిన కట్టడం సంగతే అలా ఉంటే, మన మేడమీది రేకుల గది ఎంత?

ఈ మాట మన పేటలో గట్టిగా చెప్పుకోవాలి. అశోక్ నగర్ చుట్టూ గ్రూప్స్ పరీక్షలకి చదువుకునే పిల్లలు వేలమంది. ఎక్కడెక్కడి జిల్లాల నుంచో వచ్చి మేడమీద రేకుల గదుల్లో అద్దెకుంటారు. మీరు ఇంటివాళ్ళయితే మే రాకముందే ఒక మనిషిని పిలిచి రేకుల మేకులు బిగించండి. ఎగిరిపోకుండా ఇటుకలు పెట్టాం చాలదా అంటారేమో, గాలికి ఆ ఇటుకే కింద నడిచేవాళ్ళ నెత్తిన పడుతుంది. పిట్టగోడ మీది పూలకుండీలు కూడా దించండి. ఇంటిముందు కొబ్బరిచెట్టు ఉంటే ఎండు మట్టలు కొట్టించండి. ఇక ఆ పిల్లలకి చెప్పవలసింది ఒకటే. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయం నుంచి బయల్దేరబోతుంటే ఉరిమిందా, మరో అరగంట చదువుకోండి నాయనా! చెట్టుకింద బండి ఆపి నిలబడొద్దు. గుల్‌మొహర్ కొమ్మ పూలతో చూడముచ్చటగా ఉంటుంది గానీ ఒట్టి పెళుసు. తీగ తెగి పడితే దాని దరిదాపులకి పోకుండా 1912కి చెప్పండి.

నీళ్ళ సంగతి వేరు. మన పేట వాళ్ళకి నీళ్ళంటే 2000 ఆగస్టు 24 గుర్తొస్తుంది. బేగంపేటలో ఒక్కరోజులో 24 సెంటీమీటర్లు. హుస్సేన్ సాగర్ నిండి, దాని మిగులు నాలా పొంగి అశోక్ నగర్, దోమల్‌గూడ, హిమాయత్‌నగర్ ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయి. అది వానాకాలపు ముసురు చేసే పని. రోహిణి వాన గంటలో కురిసి పోయేది, నాలా దాకా రాదు. కానీ మే నెల మొత్తానికి పడాల్సిన మూడు నాలుగు సెంటీమీటర్లూ ఆ ఒక్క గంటలో పడితే వీధిలో మోకాలిలోతు నీళ్ళు నిలుస్తాయి, కాలికింద ఏముందో కనబడదు. 2023 ఏప్రిల్ 29న సికింద్రాబాద్ కళాసిగూడలో ఒక చిన్నారి అలాగే కాలువలో పడిపోయింది. అది సాయంత్రం కాదు, పొద్దున. కాబట్టి వాన వెలిసి నీళ్ళు దిగేదాకా పిల్లల్ని కొట్టుకి పంపకండి. పాలు గంట ఆలస్యమైతే ఏం?

రాలిన కాయలు, ఆరని వడియాలు

సరే, మీరు నా మాట విని మేడ దిగేశారు. వడియాలు తడిశాయి. ఇప్పుడేం చెయ్యాలి?

సగం ఎండినవైతే చీరతో సహా తెచ్చి, చీర తడిసిన చోట పొడిగుడ్డ మీదకి మార్చి, రాత్రంతా ఫ్యాను కింద ఉంచండి. మర్నాడు ఎండ వస్తే బతికిపోయినట్టే. పులుపు వాసన కొడితే మాత్రం మొహమాటపడకుండా పారెయ్యండి. పచ్చిపచ్చిగా ఉండగానే వాన కొట్టేసినవాటి మీద ఆశ వద్దు. చల్లమిరపకాయలకి ఇంత కష్టం లేదు, మళ్ళీ మజ్జిగలో వేసేస్తే చాలు.

గాలివాన మర్నాడు బజార్లో పచ్చి మామిడికాయలు చవగ్గా వస్తాయి. రాలిన కాయలవి. చవకని ఆవకాయకి కొనకండి. కిందపడి దెబ్బతిన్న చోట ముక్క మెత్తబడి జాడీ మొత్తానికి బూజు తెస్తుంది. పప్పులోకి, పులిహోరకి, కొబ్బరి మామిడి పచ్చడికి బంగారంలా ఉంటాయి, ఒకటి రెండు రోజుల్లో వాడెయ్యండి. ఆవకాయకి చెట్టునుంచి కోసిన గట్టికాయే, టెంక పట్టినదే కావాలి. కాయలు కడిగి తుడిచి ముక్కలు కొట్టేది గాలి పొడిగా ఉన్న రోజున పెట్టుకోండి. ఉక్క రోజున ముక్క ఎంత తుడిచినా చెమ్మ పోదు.

మాగాయది మరీ సున్నితం. ఉప్పులో మూడు రోజులు ఊరాకే ముక్క పిండి ఎండబెడతాం గనక మీకు ఎండ కావలసింది కాయ తరిగిన రోజున కాదు, నాలుగోనాటి నుంచి. అందుకని వారం రోజుల అంచనా చూసి వెనక్కి లెక్క వేసుకోండి. ఆదివారం, సోమవారం పొడిగా ఉంటాయంటే గురువారం కాయ తరగాలి. తీరా ఆరబోశాక మబ్బు లేస్తే కంగారు పడకండి, ముక్కల్ని తిరిగి ఊటలోనే వేసి మూత పెట్టండి. ఎలాగూ ప్రతి సాయంత్రం చేసేది అదే కదా. ఉప్పు ఊటలో ఉన్న ముక్క ఒకటి రెండు రోజులు ఎండ లేకపోయినా చెడదు. ఆ ఊట గిన్నె మాత్రం మేడమీద ఉంచకుండా, పొద్దున్నే ఎండ పడే వంటింటి కిటికీ దగ్గరే ఉంచుకుంటే మబ్బు లేచినప్పుడు మెట్లెక్కే పనే ఉండదు.